కట్టకు జానెడు కింద

కొలబద్ద నిటారుగా పట్టుకోవడం చూసినంత తేలిక కాదు. గాలికి దాని పైకొన ఊగుతుంది. పట్టుకున్నవాడి మనసు పక్కకు పోతే బద్ద కూడా పక్కకు పోతుంది. రాళ్లచెరువు కట్ట మీద సిద్దిరాములు పట్టుకున్న బద్ద మాత్రం పాతిన గుంజలాగా నిలబడింది. దుర్బిన్‌లోంచి చూస్తున్న నిర్మలకు ముందు అంకెలు కనిపించాయి, తర్వాత వాటి పక్కన అతని బొటనవేళ్లు కనిపించాయి. గోళ్ల సందుల్లో ఇసుక ఉంది. కట్ట మీద ఉన్నదంతా ఎర్రమట్టీ మొరమూ. ఇసుక ఎక్కడిదని ఆమెకు అడగబుద్ధి అయింది గాని, అంకె రాసుకునే తొందరలో అడగలేదు.

నిర్మల హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పని చేస్తుంది. వాన ఎక్కడ పడితే నీళ్లు ఎటు నడుస్తాయో, ఎంతసేపట్లో ఎంత ఎత్తుకు వస్తాయో కంప్యూటర్‌తో లెక్క కట్టించడం ఆమె చదువు. ఈ ఎర్రగుంటపల్లెను ఎంచుకోవడానికి కారణం రెండేండ్ల కింద శ్రావణంలో వచ్చిన వరద. ఊళ్లో గోడల మీద దాని మరకలు ఇంకా పోలేదు. యంత్రం చెప్పిన ఎత్తూ గోడ మీది మరకా ఒక్కటైతే లెక్క కుదిరినట్టు, లేకపోతే లేదు. అందుకని తొంభై రెండు వేసవిలో, వానలు రాకముందే పని ముగించాలని, మెట్‌పల్లిలో పెద్దమ్మ జానకీబాయి ఇంట్లో దిగి, రోజూ తొలి బస్సుకు వచ్చి ఊళ్లో గోడలూ కట్టలూ కాలువలూ కొలుచుకుంటున్నది.

బద్ద పట్టడానికి సర్పంచి ఇద్దరు మనుషులను ఇచ్చాడు. మొదటిరోజు ఎండ పైకి రాగానే వాళ్లు తుమ్మల నీడ చూసుకున్నారు. రెండోరోజు సిద్దిరాములు తనంతట తానే వచ్చి, చెప్పులు కట్ట కింద విడిచి, బద్ద అందుకున్నాడు. సన్నటి మనిషి, తలకు తువ్వాల, నెరిసిన గడ్డం. ఈ చెరువుకు అతను నీరటి, అంటే తూము తీసి మూసి పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు పారించేవాడు. నిజానికి ఇప్పుడు కాడు. వరద వచ్చిన ఏటి నుంచి తూము తీయడానికి ఊరు హనుమండ్లును పిలుస్తున్నది.

ఆ హనుమండ్లే సైకిల్ మీద కట్ట వెంబడి పోతూ, ఒక కాలు నేలకు ఆనించి ఆగాడు.

"ఏందే సిద్దన్నా, కోసినోడివే కొలుస్తున్నవా? మల్ల యాడనన్న కొయ్యాల్నా ఏంది?"

సిద్దిరాములు తల తిప్పలేదు. "నీ సైకిల్ జర పక్కకు తియ్యి తమ్మీ. అమ్మకు అంకెలు కనవడుతలేవు," అన్నాడు.

హనుమండ్లు నవ్వి పోయాడు. వాళ్లు కట్ట పొడుగునా కొలుచుకుంటూ మత్తడి దిక్కు నడిచారు. చెరువు నిండితే నీళ్లు వాటంతట అవే దుంకిపోయే రాతి గోడ అది. దానికి కొంచెం ఇవతల కట్ట రంగు మారింది. పాత కట్ట మీద గడ్డి వేళ్లు అల్లుకొని ఉంటే, అక్కడ రెండు ఎడ్లబండ్ల వెడల్పున కొత్త మట్టి, గడ్డి పలచగా ఉంది. అంతవరకు కదలని బద్ద అక్కడ ఊగింది. నిర్మల దుర్బిన్ నుంచి కన్ను తీసి చూసింది.

"గాలి," అన్నాడు సిద్దిరాములు. ఆకు కదలడం లేదు.

మధ్యాహ్నం తుమ్మల కింద సద్దులు విప్పుకున్నారు. ఈ అంకెలన్నీ పట్టుకపోయి ఏం చేస్తావని అతను అడిగాడు. నిర్మల పుల్లతో నేల మీద గీసి చూపించింది. పైన గుట్టల నుంచి కింద వాగు దాకా ఉన్న నేలనంతా పదహారు ముక్కలు చేస్తుంది. హైదరాబాదులో ఒక పెట్టె ఉంది, దాంట్లో పదహారు చిన్న కంప్యూటర్లున్నాయి. ఒక్కోదానికి ఒక్కో ముక్క. ఒకటే కంప్యూటర్ అయితే వారం రోజులు పట్టే లెక్క, అన్నీ ఒకేసారి కడితే ఒక పూటలో తెములుతుంది. కాని నీళ్లకు హద్దు లేదు. పైముక్క నుంచి కిందిముక్కలోకి వస్తూనే ఉంటాయి. కాబట్టి లెక్క వేసే ప్రతి అడుగులోనూ పైది కిందిదానికి ఇంత వదిలానని కబురు చెప్పాలి. ఆ కబురు అందేదాకా కిందిది ముందుకు పోకుండా ఆగాలి.

గట్క ముద్ద చేతిలోనే ఉంచుకొని సిద్దిరాములు ఆ గీతలు చూశాడు. "పదారు మంది నీరటోళ్లు ఒక్క పెట్టెలనా? కొట్లాడుకోరా?"

"కొట్లాడుతరు. ఒకడు కబురు పంపకముందే ఇంకోడు ముందుకు పోతడు. లెక్కంత ఖరాబైతది."

"గట్లయితె మనసొంటోళ్లే," అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అతను వరద సంగతి చెప్పాడు. ఎవరో అడిగితే చెప్పినట్టు కాదు, ఎప్పుడూ లోపల చెప్పుకుంటున్నదే కొంచెం పైకి వినిపించినట్టు చెప్పాడు. ముసురు విడవకుండా పట్టింది. పైన ఉన్న కుంటలు తెగి ఆ నీళ్లు కూడా రాళ్లచెరువులోకే వచ్చాయి. మత్తడి నిండుగా దుంకుతున్నా చాలలేదు. సాయంత్రం పూటకు నీళ్లు కట్ట పైఅంచు దగ్గరికి వచ్చాయి. కట్ట నడుమకు తెగితే కింద సాలెవాడ ఉంది. మగ్గం గుంతల్లో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోతారు. ఊళ్లో మగవాళ్లంతా కట్ట మీదే ఉన్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. అందరూ అతని మొహం దిక్కే చూశారు, ఎందుకంటే నీరటి కొయ్యమంటే కొయ్యాలి, వద్దంటే ఆగాలి. అది ఊరి కట్టుబాటు.

మత్తడి పక్కన కట్ట పొట్టిగా ఉంటుంది. అక్కడ గండి కొడితే నీళ్లు ఊరిని తప్పించుకొని పొలాల మీదుగా వాగులో కలుస్తాయి. కొట్టడానికి రెండు చోట్లున్నాయి. ఒకదాని కింద వేరేవాళ్ల పొలం. ఒకదాని కింద అతని చెల్లెలు బాలవ్వ పొలం. వేరేవాళ్లది ముంచితే, చెల్లెలి పొలం కాపాడుకోవడానికి మంది పొలం ముంచాడని పేరొస్తుంది. అతను గడ్డపార తీసుకొని చెల్లెలి పొలం మీదనే కొట్టాడు.

గండి పడిన గంటకే వాన వెలిసింది. పడమట మబ్బు విచ్చి ఎండ కూడా కాసింది. తెల్లారేసరికి చెరువు అడుగున బురద కనిపించింది. ఆ ఏడు ఊళ్లో ఎవరికీ యాసంగి పంట లేదు. బాలవ్వ పొలం మీద మోకాలి మందం ఇసుక మేట వేసింది. జర ఆగితే అయిపోయేది గదా అని మొదట ఎవరన్నారో తెలియదు. రెండు రోజులకు ఊరంతా అదే మాట అన్నది. అప్పుడు కట్ట మీద నోరు విప్పనివాళ్లు కూడా అన్నారు.

చెప్పడం అయిపోయాక అతను సద్ది గిన్నె కడిగి బోర్లించాడు.

"నీ పదారు మందిని ఒక్క మాట అడుగుతవా నిర్మలమ్మా? నేను కొయ్యకపోతె గా కట్ట ఉండేదా, పోయేదా?"

"తెలుసుకొని ఏం చేస్తవ్ సిద్దన్నా?"

"తప్పు చేసిన్నంటె చేసిన్నని ఉంట. చెయ్యలేదంటె చెయ్యలేదని ఉంట. గిప్పుడు రెండు కాకుంట ఉన్న," అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే మేట మందం కొలవడానికి నిర్మల బాలవ్వ పొలానికి పోయింది. సగం పొలం ఒండ్రు తేలి నల్లగా బాగుపడింది. మిగతా సగంలో ఇసుక ఇంకా తెల్లగా మెరుస్తున్నది. ఒక కొనన బాలవ్వ పారతో తట్ట నింపుకొని, చుట్టబట్ట సరిచేసుకొని, తానే ఎత్తుకొని గట్టు అవతల పోసి వస్తున్నది. అంత దూరంలో రెండో కొనన సిద్దిరాములు అదే పని చేస్తున్నాడు. ఇద్దరి నడుమ ఖాళీ ఇసుక. ఆమె ఇటు తిరిగినప్పుడు అతను అటు తిరిగి ఉన్నాడు. గోళ్లలో ఇసుక ఎక్కడిదో నిర్మలకు అప్పుడు తెలిసింది. పొద్దు పొడవకముందే ఇక్కడ ఇసుక మోసి, తర్వాత బద్ద పట్టడానికి వస్తున్నాడు.

బాలవ్వ యాభైకి దగ్గరగా ఉన్న మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటుంది. మొగుడు పోయినప్పటి నుంచి ఈ పొలమే ఆమె బతుకు. నిర్మల ఎవరో, ఏం కొలుస్తున్నదో ఊళ్లో అందరికీ తెలిసినట్టే ఆమెకూ తెలుసు. ఇసుకలో పుల్ల గుచ్చి మందం చూస్తుంటే పార ఆనుకొని నిలబడి, వానలు పడేలోపల ఇంకొంత తేలితే ఈసారి కొంచెమన్నా నాటేసుకుంటానని చెప్పింది.

"అన్న కూడా సాయపడుతున్నడు గద," అన్నది నిర్మల.

"ఎవలు?" బాలవ్వ నుదురు మీద చెయ్యి అడ్డం పెట్టుకొని పొలమంతా వెతికినట్టు చూసింది. "ఆడ ఎవలో ఇసుక మోస్తుండ్రు. మోయనియ్యి బిడ్డా. ఇసుకకేం కరువా."

నడిమి గట్టు మీద వేపకొమ్మ నీడన నీళ్లకుండ ఉంది. కుండ ఒకటే గాని దాని మీద ముంతలు రెండున్నాయి. బాలవ్వ ఒకదాంట్లో నీళ్లు ముంచి నిర్మలకిచ్చింది. రెండోది ఎవరిదని అడిగే ధైర్యం నిర్మలకు లేకపోయింది. నీళ్లు తాగి ముంత ఇస్తుంటే బాలవ్వ తనే మాట్లాడింది, ఇసుక దిక్కు చూస్తూ.

"కోసుడు కోసిండు. ఊరి కోసం కోసిండు, నాకు తెల్వదా? కోసే ముందల ఒక్క మాట చెప్తె ఏమయితుండె? చెల్లె, నీ పొలం మునుగుతది అని. నేను నాటేసి వచ్చి, ఇంట్ల కాళ్లు కడుక్కుంటున్న. వాడకట్టోళ్లు చెప్తె తెలిసింది నాకు. కట్టకు గంత వెలితి ఉండంగ, ఇంటిదాక వచ్చి చెప్పనీకె పొద్దు సాలలేదట."

కట్టకు రెండు మూరల వెలితి ఉండగానే కోశాడని ఊళ్లో అనుకుంటారు. ఆమె కూడా అదే నమ్మింది. పార ఎత్తుకొని మళ్లీ పనిలో పడింది. నిర్మల రాసుకోవలసిన అంకె రాసుకొని వచ్చేసింది.

*

హైదరాబాదులో యంత్రం ఉన్న గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. దాన్ని చూసుకునే లింగమూర్తి ఇచ్చోడ నుంచి వచ్చిన పిల్లగాడు, వేసవిలో కూడా స్వెట్టర్ వేసుకొని కూర్చుంటాడు. నిర్మల తెచ్చిన కొలతలన్నీ ఇద్దరూ కూర్చొని ఎక్కించారు. ముందుగా జరిగిన వరదను జరిగినట్టే, గండితో సహా, నడిపించి చూశారు.

లెక్క నత్తలాగా నడిచింది. చెరువు ఉన్న ముక్కలో పని ఎక్కువ, గుట్టల ముక్కల్లో తక్కువ. పదిహేను కంప్యూటర్లు తమ పని ముగించుకొని ఆ ఒక్కదాని కబురు కోసం ఊరికే కూర్చున్నాయి. తెర మీద ఆ పదిహేను గీతలూ ఆగి ఒక్కటే కదులుతుంటే, కట్ట మీద నిలబడి ఒకడి మొహం చూస్తున్న మనుషులు నిర్మలకు గుర్తొచ్చారు. ఆమె ముక్కల హద్దులు మార్చింది. గుట్టలను పెద్ద ముక్కలుగా కలిపేసి, చెరువును చిన్న ముక్కలుగా పంచింది. రెండు రోజులు దానికే పోయాయి. అప్పుడు పదహారూ ఒక్క తీరున కదిలాయి.

యంత్రం చెప్పిన ఎత్తులూ గోడల మీది మరకలూ కలిశాయి. బడి గోడ, సాలెవాడ మొదట్లో ఇల్లు, వాగు ఒడ్డున మోటబావి రాయి, అన్నీ కలిశాయి. ఇన్నేండ్లుగా ఆమె దేనికోసం పని చేస్తున్నదో అది ఆ సాయంత్రం కుదిరింది. లింగమూర్తి సంతోషం పట్టలేక పరుగెత్తి పోయి చాయ్ తెచ్చాడు. నిర్మల చాయ్ తాగుతూనే, గండి కొట్టిన వేళ రాసి ఉన్న వరుస దగ్గరికి పోయి దాన్ని కొట్టేసింది. వాన అదే, చెరువు అదే. మనిషి గడ్డపార ఎత్తలేదు. అంతే తేడా. మళ్లీ నడిపించమన్నది.

చెరువు మట్టం అంకెలు కాయితం మీద ఒకదాని కింద ఒకటి అచ్చుపడడం మొదలైంది. ఆమె వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. గండి పడిన వేళ దాటింది. నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి. ఎక్కుతున్నాయి గాని మెల్లగా. తర్వాత అంకె మారకుండా కొంతసేపు నిలబడింది. ఆ తర్వాత దిగడం మొదలుపెట్టింది. అన్నిటికంటే పెద్ద అంకెను ఆమె కట్ట ఎత్తులోంచి తీసేసి చూసింది. నీళ్లు కట్టకు జానెడు కింద ఆగిపోయాయి.

ముందు ఆమె నమ్మలేదు. ఎక్కడో ఒకటి కబురుకు ఆగకుండా ముందుకు పోయిందేమోనని వెతికింది. ముక్కలు వేరే విధంగా చేసి నడిపించింది. మళ్లీ జానెడే.

లింగమూర్తి ఆ కాయితం చూసి, దీన్ని అంత పట్టించుకోవద్దన్నాడు. వాళ్ల లెక్కకు కట్ట ఎత్తు ఒక్కటే తెలుసు. రోజుల తరబడి నానిన మట్టి సంగతి తెలియదు. నీళ్లు పైకి రాకముందే కట్ట జారిపోవచ్చు, ఎలుక బొక్కలోంచి తెగిపోవచ్చు. వాన కొలతలో చిన్న తేడా ఉన్నా జానెడు అటూ ఇటూ అవుతుంది. తెలియదు అని రాస్తే సరిపోతుంది.

"రాయనీకె కాదు," అన్నది నిర్మల. "ఒకాయన అడిగిండు." ఆయన ఎవరో, ఎందుకు అడిగాడో చెప్పింది.

లింగమూర్తి స్వెట్టర్ చేతులు కిందికి లాక్కున్నాడు. "అయితే తెగేదే అని చెప్పుండ్రి మేడం. మీరు చెప్తె నమ్ముతడు."

"నమ్ముతడు. గదే నా పరేషాన్," అన్నది నిర్మల.

*

మెట్‌పల్లిలో బస్సు దిగి ఇంటికి పోయేసరికి జానకీబాయి వాకిట్లో కుర్చీ వేసుకొని చింతపండు గింజలు తీస్తున్నది. రాళ్లచెరువు కింద వాళ్లకు కూడా పొలం ఉంది. ఆ ఏటి యాసంగి వాళ్లదీ ఎండింది. నిర్మల కాళ్లు కడుక్కొని వచ్చి పక్కన కూర్చొని, తనూ ఒక చెయ్యి వేస్తూ సంగతి చెప్పింది. జానకీబాయి అంతా విని, ఒక గింజ పట్టు వదలకపోతే దాన్ని గోటితో పెకిలించి పక్కన వేసింది.

"మీ పెదబాపు కూడ ఆ దినం కట్ట మీద్నే ఉన్నడు," అన్నది. "కొయ్యి అనలే, కొయ్యకు అనలే. ఇంటికొచ్చి నాతోని మాత్రం, తొందరపడ్డడు సిద్దిగాడు అన్నడు. ఆయన్ని అననిచ్చిన, నేనేమనలే." ఇంకో గింజ తీసి, "పోయేదని చెప్పు బిడ్డా. కట్ట పోయేదే, నువ్వు కోసుడే మంచిగయిందని చెప్పు. ఒక్క మాటకు నీ నోరేం అరుగుతది," అన్నది.

నిర్మలకు అదే సరి అనిపించింది. ఊళ్లో ఇంతమంది ఇన్నాళ్లు నోటికొచ్చింది అనగా లేనిది, తను ఒక మంచి మాట అంటే వచ్చే నష్టం ఏమిటి? పైగా అది పూర్తి అబద్ధం కూడా కాదు. నానిన కట్ట పోతే పోయేదే. మర్నాడు ఎర్రగుంటపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఎలా చెప్పాలో మాటలు పేర్చుకుంది. గట్టిగా, సందేహం లేకుండా, రెండు ముక్కల్లో చెప్పేసి, దుర్బిన్ మూట కట్టుకొని తిరిగి రావాలి.

బస్సు దిగి నేరుగా బాలవ్వ పొలానికి నడిచింది. రాత్రి ఎక్కడో వాన పడ్డట్టుంది, గాలిలో ఆ చల్లదనం వచ్చింది. పొలంలో పని అంతకు ముందులాగే, రెండు కొనలనా నడుస్తున్నది. నడుమ ఇసుక కొంచెం తగ్గింది. సిద్దిరాములు దూరం నుంచే ఆమెను చూశాడు. తట్ట కింద పెట్టాడు. ఎదురు రాలేదు. తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతులు తుడుచుకుంటూ, ఉన్నచోటనే నిలబడ్డాడు. ఏం చెప్పినా నిలబడి వినాలని అనుకున్నట్టుగా ఉన్నాడు.

బాలవ్వ నీళ్ల కోసం నడిమి గట్టు దగ్గరికి వచ్చింది. ముంత ముంచి, తాగకుండా పట్టుకుంది.

"అడిగినవా అమ్మా?" అన్నాడు సిద్దిరాములు.

"అడిగిన. కట్ట పోయేదే సిద్దన్నా."

అతని మొహంలో ఆమె అనుకున్న వెలుగు రాలేదు. కళ్లు చిన్నవి చేసుకొని చెరువు దిక్కు చూశాడు. ఎన్నో ఏండ్లు నీళ్లను చూసిన మనిషి చూసినట్టు చూశాడు.

"ఎంత ఎత్తున దుంకేది కట్ట మీదికెల్లి? జానెడా, మూరెడా?"

అబద్ధానికి కూడా ఒక ఎత్తు కావాలని నిర్మలకు బస్సులో తోచలేదు. మూరెడు అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది. అతను ఆ మూరెడు పట్టుకొని ఎక్కడెక్కడికి పోతాడో, కట్ట మీద ఏ రాయి దగ్గర నిలబడి దాన్ని చూసుకుంటాడో కళ్లకు కట్టింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"లేదు సిద్దన్నా. దుంకేది కాదు. కట్టకు జానెడు కింద వచ్చి నిలవడ్డయి నీళ్లు. అన్ని తీర్ల చూసిన. గదే వచ్చింది. యంత్రానికి మట్టి సంగతి తెల్వది. నానిన కట్ట ముందే జారునేమో. వాన లెక్కల జర తేడా ఉంటె మీదికెల్లి పోవునేమో. ఉండేదే అని నేను అనలేను, పోయేదే అని అనలేను. జానెడు కింద ఆగినయి అని మాత్రం అన్నది."

"గంత పెద్ద యంత్రానికి గూడ అనుమానమేనా," అన్నాడు సిద్దిరాములు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. మెల్లగా ఇసుకలో కూర్చున్నాడు. పార దగ్గరికి లాక్కొని, దాని అంచుకు అంటిన తడి మట్టిని బొటనవేలితో గీకడం మొదలుపెట్టాడు. ఒక దిక్కు అయిపోయాక పార తిప్పి రెండో దిక్కు గీకాడు. "ఉండేదన్నట్టు," అన్నాడు తనలో తాను. మళ్లీ ఆ మాటే అన్నాడు.

నిర్మల తను చేసింది చూడలేక కళ్లు పక్కకు తిప్పుకుంది. గట్టు మీద బాలవ్వ లేదు. ముంత ఒకటే కుండ మీద ఉంది. ఆమె ముంత చేతిలోనే పట్టుకొని, ఇసుకలో కాళ్లు దిగబడుతుండగా, రెండేండ్లుగా దాటని ఆ నడిమి ఖాళీ దాటి ఇటే వస్తున్నది. అన్న దిక్కు చూడకుండా నిర్మల ముందర వచ్చి నిలబడింది.

"ఎంత అన్నవ్ బిడ్డా?"

"జానెడు."

బాలవ్వ ముంత కింద పెట్టింది. కుడిచెయ్యి చాపి, బొటనవేలికీ చిటికెనవేలికీ నడుమ ఎంత ఉంటుందో చూసుకుంది. ఆమెది చిన్న చెయ్యి, పార పట్టి పట్టి వేళ్లు పూర్తిగా విచ్చుకోవు. ఆ చేతిని చాపినది చాపినట్టే కొంచెంసేపు పట్టుకొని నిలబడింది.

"గింతనా?" అన్నది. "ఊరోళ్లు రెండు మూరలంటిరి."

"రెండు మూరలు లేదు అవ్వా. ఆ యాళ్లకు ఇంక ఎక్కుతనే ఉన్నయి నీళ్లు. ఎక్కి ఎక్కి ఆగినంక మిగిలింది గది."

బాలవ్వ ఆ చెయ్యి దించలేదు. "ఆడ గింతకు నీళ్లొస్తుంటె," అన్నది, ఎవరితోనో కాదు, ఆ చేతితోనే అన్నట్టు, "నన్ను వెతుక్కుంట మా ఇంటిదాక వచ్చి చెప్పిపోవుడు ఎట్లయితది."

సిద్దిరాములు పార గీకడం ఆపాడు. తల ఎత్తలేదు.

"నేనైతె గంతసేపు గూడ నిలవడకపోదును. మొగులు నల్లగయినప్పుడే కోసి పడేద్దును," అన్నది బాలవ్వ. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ముంతలో నీళ్లు ఇంకా ఉన్నాయి. వంగి, దాన్ని అతని ముందుకు జరిపింది. అతను రెండు చేతులతో అందుకొని, ఆగకుండా తాగాడు. కొన్ని నీళ్లు గడ్డం మీదికి కారాయి.

"అన్నా," అన్నది ఆమె.

అతను ముంత పట్టుకొనే పైకి చూశాడు.

"రెండేండ్ల సంది చూస్తున్న. మోసిందంత తీస్కపోయి గా మూలకు పోస్తున్నవ్. పడమటి గాలి రాంగనే అదంత మల్ల నా పొలంల వడుతది. సగం ఇసుక నువ్వు మోసిందే నువ్వు మోస్తున్నవ్."

సిద్దిరాములు ఆ మూలకు తిరిగి చూశాడు. అక్కడ అతను పోసిన కుప్ప మీది నుంచి ఇసుక సన్నగా, పాము పాకినట్టు, పొలంలోకి జారి ఉంది. నిర్మలకు కూడా అది అప్పుడే కనిపించింది.

"మరి ఒక్క మాట చెప్పకపోతివి చెల్లె," అన్నాడు.

"నువ్వు చెప్పినవా?"

అతను మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. బాలవ్వ అతని పార లాక్కొని అతని తట్ట తనే నింపింది. నిండిన తర్వాత కూడా ఇంకో పారెడు వేసి, చేత్తో అదిమింది. అతను వంగితే ఒక పక్క తను పట్టి తల మీదికి ఎత్తింది. గట్టు మీది తన తట్ట కూడా తెచ్చి, నిర్మల చేతికి పార ఇచ్చి నింపమన్నది. నిర్మల చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని నింపింది. ఆమెకు అలవాటు లేదు, సగం ఇసుక పక్కన పోయింది.

తట్టలు ఎత్తుకొని ఇద్దరూ వాగు దిక్కు నడిచారు. బాలవ్వ ముందు, అతను వెనక. వాగు ఒడ్డున ఏ వంపులో పొయ్యాలో, ఏ వంపులో పొయ్యొద్దో, పోసేటప్పుడు ఎటు తిరిగి నిలబడాలో ఆమె చెప్తూ పోతున్నది. అతను ఊ కొడుతున్నాడు. గట్టు దిగి కనిపించకుండా పోయిన తర్వాత కూడా ఆమె చెప్పడం వినిపిస్తూనే ఉంది.